కాన్పుకు ముందే ఒక కాగితం రాయించండి

కాన్పు ఎలా జరిగిందని అడిగితే "తల్లీబిడ్డా క్షేమం" అంటారు పెద్దలు. అల్‌హందులిల్లాహ్, కావలసింది అదే. కానీ తల్లి మనసులో ఏళ్ళ తరబడి నిలిచేవి వేరే ఉంటాయి. నొప్పుల గదిలో పక్కన ఎవరున్నారు? చేసేది ముందుగా చెప్పారా? తన మాట విన్నారా? 2002లో కెనడా పరిశోధకురాలు ఎలెన్ హోడ్నెట్ అనేక అధ్యయనాలను పరిశీలించి, కాన్పుపై స్త్రీకి కలిగే తృప్తికి నొప్పి కన్నా సిబ్బంది ఆదరణ, నిర్ణయాల్లో ఆమె పాత్ర ముఖ్యమని తేల్చారు.

యునానీలో ఆరోగ్యానికి చెప్పిన ఆరు తప్పనిసరి అంశాలలో మనసు కదలిక, విశ్రాంతి ఒకటి. కాబట్టి గర్భిణి భయాన్ని తేలికగా తీసుకోకండి. ఏడో నెలలోనే ఆమె కోరికలు కాగితం మీద రాయించి డాక్టరుకు చూపించండి. దీన్నే బర్త్ ప్లాన్ అంటారు. అందులో ఇవి ఉండాలి:

1. తోడు ఎవరు? ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి ఒక స్త్రీ బంధువును అనుమతించాలని కేంద్రం 2016లో సూచించింది. స్థానిక కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో వచ్చిన మనిషైతే మేలు.

2. పరదా విషయం. లేడీ డాక్టరు కావాలంటే ముందే అడగండి. ఆపద వేళ ఎవరుంటే వారే వైద్యం చేయాలి, ప్రాణం ముందు.

3. నొప్పుల్లో నడవడం, పక్కకు తిరిగి పడుకోవడం, నీళ్ళు తాగడం కుదురుతుందా?

4. బిడ్డను వెంటనే తల్లి గుండెలపై ఉంచడం, గంటలోపు తల్లిపాలు. అజాన్ అప్పుడే చెప్పుకోవచ్చు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించకండి, ఘుట్టీ పోయకండి.

5. పుట్టింటికి వేరే ఊరు వెళ్తే స్కాన్, రక్త పరీక్షల కాగితాలు వెంట ఉండాలి. బండి ఎవరిదో ముందే అనుకోండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా పథకం కింద ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్‌తో సహా కాన్పు ఉచితం.

ఈ కాగితం డాక్టరుకు పెట్టే షరతు కాదు. ఆపరేషన్ అవసరమైతే అది తల్లి ఓటమీ కాదు. అయితే ఎందుకో ఆమెకు చెప్పమని అడగండి. నొప్పులు రావాలని మాజూన్లు, కషాయాలు ఇవ్వకండి. ఈ మాట హకీముగానే చెబుతున్నాను. రక్తస్రావం, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం కనిపిస్తే క్షణం ఆగక ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అత్తగార్లూ, భర్తలూ! కాగితం మీరు రాసినా మాటలు మాత్రం ఆమెవే కావాలి.