ఇంటినంబరుకు అద్దె

మా అమ్మ చిట్టమూరులో ఒంటరిగా ఉంటుంది. కాలేజీ ఉద్యోగం మూలాన నేను వేరే ఊళ్ళో ఉంటాను. నిరుడు వానాకాలంలో ఆమె వసారాలో జారిపడితే, పొరుగువారు ఫోను చేసేదాకా నాకు తెలియలేదు. ఆ భయంతో, తెలిసినవారింట మూలపడివున్న పాత కెమెరానూ, దాని రికార్డింగు పెట్టెనూ తెచ్చి వసారాలో బిగించాను. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ బొమ్మ చక్కగా కనిపించింది. బస్సెక్కి ఇల్లు చేరి చూద్దును గదా, ఫోనులో అంతా చీకటి!

కేబులు కుర్రవాణ్ణి అడిగాను.

“మీ ఇంటికి సొంత నంబరు లేదు గదా సార్! ఉండేది ఉమ్మడి నంబరు. సొంతానికి కావాలంటే నెలనెలా అద్దె వేరే కట్టాల,” అన్నాడు.

కంటికి కనిపించని నంబరుకు అద్దేమిటని ఒళ్ళు మండింది. కాని విచారించిన కొద్దీ ఆ కుర్రవాడి మీద కోపం తగ్గింది.

ఇంటర్నెట్టులో యంత్రం యంత్రాన్ని పలకరించాలంటే ఇంటినంబరు వంటి చిరునామా కావాలి. 1981లో ఖాయపరచిన పద్ధతి ప్రకారం ఇవి మొత్తం 429 కోట్ల చిల్లర. తరగని గాదె అనుకుని, మొదట్లో చేతికి ఎముక లేకుండా పంచారు. అమెరికాలో ఎం.ఐ.టి. అనే ఒక్క విద్యాసంస్థకే కోటీ 67 లక్షలకు పైగా దక్కాయి. మన దేశంలో ఇంటర్నెట్టు జనానికి అందింది 1995 ఆగస్టు 15న. మనం విస్తరి ముందు కూర్చునేసరికి గంగాళం అడుగంటుతోంది! 2011 ఫిబ్రవరి 3న ప్రపంచపు ఉమ్మడి ఖాతాలోని చివరి కట్టలు పంచేశారు. ఆ ఏప్రిల్ నుంచి మన ఆసియా ప్రాంతంలో, మిగిలిన దానిలో కంపెనీకి 1,024కు మించి ఇవ్వలేదు. 2019లో అదీ 512కు దిగింది.

ఇక బజారులో కొనుక్కోవలసిందే. 2011లో మైక్రోసాఫ్టు కంపెనీ, దివాలా తీసిన నార్టెల్ నుంచి 6,66,624 నంబర్లను 75 లక్షల డాలర్లకు కొన్నది. నంబరు పదకొండుంబావు డాలర్లు పడింది. పదేళ్ళలో ఆ ధర 50 డాలర్లు దాటి, తరువాత కొంత దిగింది. ఊరికే వచ్చినవాటిలోనే ఎం.ఐ.టి. సుమారు 80 లక్షలు అమ్మకానికి పెడుతున్నట్లు 2017లో ప్రకటించింది. పూర్వం ఊరి పక్కన పోరంబోకు దక్కించుకున్నవాడి అదృష్టం ఇలాగే ఉండేది.

చిన్న కంపెనీవాడి లెక్క చూడండి. 50 డాలర్ల చొప్పున 256 నంబర్ల కట్టకు 12,800 డాలర్లు, అనగా ఆనాటి మారకంలో తొమ్మిదిన్నర లక్షల రూపాయలు. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ ఆరంభంలో ఇంటర్నెట్టు, ఫోను, టీవీ కలిపి నెలకు 149 రూపాయలకే ఇచ్చింది. ఆ రేటున 256 ఇళ్ళ వసూలు పైసా ఖర్చుపెట్టకుండా దాచినా, నంబర్ల బాకీ తీరడానికి రెండేళ్ళు దాటుతుంది!

అందుకని ఒక్క నంబరు కింద అరవై ఇళ్ళను కాపురం పెడతారు. ఒక నంబరుకు 65,536 ద్వారాలుంటాయి. ఇంటికి వెయ్యి పంచితే సరిపోతాయి. మనం జాబు రాస్తే, ఎవరు రాశారో కంపెనీ యంత్రం గుర్తుపెట్టుకుని ప్రత్యుత్తరం ఆ ఇంటికే చేరుస్తుంది. బయటినుంచి తనంతట వచ్చిన జాబు ఏ వాటాదో దానికి తెలియదు. నేను దూరం నుంచి కెమెరాను పిలవడం ఈ రెండో రకం. పైగా ఒక వాటాలోవాడు ఆకతాయి పని చేస్తే అనుమానం అరవై ఇళ్ళ మీదా పడుతుంది. తెలుగు ఎం.ఏ. చదివిన నన్ను, మనిషివేనా నువ్వు, అయితే సైకిళ్ళ బొమ్మలు గుర్తుపట్టమని అడిగేది చాలాసార్లు అందుకే! ఏ ద్వారం ఎప్పుడు ఎవరు వాడారో చిట్టా దాచాలని సర్కారు నిబంధన కూడా ఉంది. ఆ ఖర్చూ కంపెనీదే.

మందు లేకపోలేదు. 1998 నాటికే కొత్త పద్ధతి తయారయింది. అందులో నంబర్ల సంఖ్య రాయాలంటే 39 అంకెలు కావాలి. 2016లో దిగిన జియో మొదటినుంచీ దాన్నే వాడింది. నా ఫోనుకు కొత్త నంబరున్నది. మా వసారాలోని పాత పెట్టెకు ఆ భాష రాదు.

మొన్న వెళ్ళినప్పుడు ఆరు నెలల అద్దె కట్టాను.

“ఇన్నాళ్ళు కడితే ఆ నంబరు మనదైపోద్దా నాయనా?” అన్నది అమ్మ.

“కాదమ్మా, కట్టడం మానేస్తే వేరేవాళ్ళకి పోద్ది,” అన్నాడు కేబులు కుర్రవాడు, తీగ చుట్టుకుంటూ.