ఓవెనుకు ఎన్ని మీటలు కావాలి?

ఇంట్లోకి కొత్త సామాను కొనేటప్పుడు రెండు లెక్కలుంటాయి. ఒకటి అంగడివాడు చెప్పే లెక్క, రెండోది మన వంటింటి లెక్క. మొదటిది అడగకపోయినా చెవిన పడుతుంది. రెండోది మాత్రం మనమే కూర్చుని వేసుకోవాలి. కేకులూ బిస్కట్లూ కాల్చుకునే కరెంటు ఓవెన్ల విషయంలో ఈ రెండింటికీ దూరం మరీ ఎక్కువ. ముప్ఫయి రకాల వంటల పట్టిక, గిరగిర తిరిగే చువ్వ, వేలు తాకిస్తే వెలిగే అద్దం, సెల్ ఫోనుతో నడిపే సదుపాయం - ఇవన్నీ చూస్తుంటే ఇవి లేని వంటిల్లు వంటిల్లే కాదేమో అనిపిస్తుంది. వీటిలో మనకు నిజంగా అక్కరకు వచ్చేవి ఎన్ని?

ఓవెను అనగానే అదేదో దొరల వస్తువని జంకనక్కరలేదు. అందులోని కిటుకు మన పెద్దలకు తెలిసినదే. దమ్ బిర్యానీ వండేవారు గిన్నె మూతకు చుట్టూ పిండి అతికి, కింద నిప్పులూ మూతమీద నిప్పులూ పెడతారు. దిబ్బరొట్టె కూడా అలా రెండు వైపులా నిప్పుల మధ్య కాలినదే. గిన్నెలో ఇసుక పోసి, దానిలో మరో గిన్నె పెట్టి కుంపటి మీద కేకు చేసిన ఇల్లాళ్లు ఎందరో ఉన్నారు. మూసిన చోట, అన్ని వైపుల నుంచీ, సమంగా వేడి తగలాలి. ఓవెనంటే ఇంతే!

అయితే లోపల వేడి ఎంత ఉందో తెలుసుకోవడమే పూర్వం కష్టమయ్యేది. పాశ్చాత్య దేశాల్లో వంటవాళ్లు ఓవెనులో చెయ్యి పెట్టి చూసేవారు. లేదా కాగితం ముక్క పడేసి అది ఎంతసేపటికి రంగు మారుతుందో కనిపెట్టేవారు. 1923లో ఇంగ్లండులో 'న్యూ వరల్డ్' అనే గ్యాసు పొయ్యికి 'రెగ్యులో' అనే పరికరం అమర్చి అమ్మారు. మీట తిప్పి అంకె మీద పెడితే వేడి అక్కడే నిలుస్తుంది. నేడు మనం థర్మోస్టాట్ అంటున్నది అటువంటిదే.

ఈ విచారణంతా నాకు ఊరికే పుట్టలేదు. మాది మొయినాబాదు. మా వదినా వాళ్లది చేవెళ్ల. రెండూ బీజాపూరు రోడ్డు మీది ఊళ్లే. మా వదిన పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, జొన్న బిస్కట్లు చేసి అమ్మాలని తలపెట్టింది. నెలనెలా వాయిదా కట్టాలి. ఓవెను మీద అక్కరకు మించి పెట్టిన ప్రతి రూపాయీ పిండికీ, బెల్లానికీ, నెయ్యికీ లేకుండా పోతుంది. మా ఇంట్లోనేమో ఇంటరు చదివే అమ్మాయి పోరు పడలేక మేమూ ఒకటి కొనాలనుకున్నాం. ఇద్దరం కలిసి హైదరాబాదు వెళ్లాం.

అంగడిలోని కుర్రవాడు అన్నిటికన్నా ఖరీదైన దాని ముందు మమ్మల్ని నిలబెట్టి, ఏ మీటకు ఏ వంటకమో చదవసాగాడు. మా వదిన కాసేపు విని, "అన్నీ మంచిగనే ఉన్నయి బిడ్డా! జొన్న బిస్కట్ల మీట యాడుంది?" అంది. కుర్రవాడు నవ్వేశాడు. "మా అమ్మ జొన్నరొట్టె కాల్చిన పొయ్యికి ఒక్క మీట గూడ లేకుండె. మంట తగ్గిచ్చుడు, పెంచుడు తెలిస్తె సాలు" అని తేల్చింది మా వదిన.

ఆ మాటలో చాలా ఉంది. ఆ రోజు ఏమీ కొనకుండా వచ్చేసి, ఒక నోటు పుస్తకంలో రెండిళ్ల లెక్కా రాసుకున్నాం. మా ఇంట్లో వారానికో కేకు, ఎప్పుడైనా రొట్టె, కాసిని పల్లీలు వేయించుకోవడం. వదిన ఇంట్లో రోజూ రెండేసి పళ్లేల బిస్కట్లు, కొన్ని గంటలపాటు. ఇక ఒక్కొక్క సదుపాయాన్నీ ఈ లెక్క ముందుకు పిలిచాం.

మొదటిది థర్మోస్టాట్. దీన్ని ఇద్దరమూ వదులుకోలేం. బిస్కట్లకు ఇంచుమించు 160 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ కావాలి, కేకుకు 180, రొట్టెకు 200 పైచిలుకు. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే జిగురు లేదు గనక బిస్కట్టు సులువుగా విరుగుతుంది. వేడి హెచ్చిందా, అంచు మాడి నడుమ పచ్చిగా ఉండిపోతుంది. మీటమీది అంకెకూ లోపలి వేడికీ కొంత తేడా ఉండవచ్చు. లోపల పెట్టే చిన్న థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే పది మీటల పెట్టు.

రెండోది, పై కడ్డీ, కింది కడ్డీ విడివిడిగా వేడెక్కే ఏర్పాటు. కేకు అడుగు కాలకముందే నెత్తి మాడకుండా కాపాడేది ఇదే. మూతమీది నిప్పులు తీసెయ్యడం, మళ్లీ పెట్టడం లాంటిదన్నమాట. మూడోది, వేళకు గంట కొట్టి తానే ఆగిపోయే టైమరు. పాఠాలు దిద్దుకుంటూ కూర్చునే నాబోటిదానికీ, నలుగురితో మాట్లాడుతూ పనిచేసే వదినకూ ఇది తప్పనిసరి. నాలుగోది సందు లేకుండా పడే తలుపు.

లోపలి దీపం శృంగారమేమో అనుకున్నాం గాని, కాదు. తలుపు తీసిన ప్రతిసారీ వేడి బయటికి పోతుంది. దీపముంటే తియ్యకుండానే రంగు చూసుకోవచ్చు. పరిమాణం సంగతికొస్తే, నలుగురున్న ఇంటికి 25 నుంచి 30 లీటర్లు చాలు. లీటర్లకన్నా మీ పళ్లెం కొలత ముఖ్యం. పళ్లెం చుట్టూ గాలి ఆడాలి.

వేడి గాలిని తిప్పే ఫ్యాను దగ్గర మాత్రం మా లెక్కలు వేరుపడ్డాయి. ఒకే గిన్నెలో కేకు చేసుకునే నాకు అది లేకపోయినా గడుస్తుంది. ఒకేసారి రెండు పళ్లేలు పెట్టే వదినకు, పైదీ కిందిదీ సమంగా కాలాలంటే, అది కావలసిందే. ఫ్యాను వేసినప్పుడు వేడిని సుమారు 20 డిగ్రీలు తగ్గించి పెట్టుకోవాలి. ఈమధ్య ఇంటింటా వినిపిస్తున్న ఎయిర్ ఫ్రయ్యరు కూడా ఫ్యాను గట్టిగా తిరిగే చిన్న ఓవెనే!

కోడిని గుచ్చి తిప్పే చువ్వ, వంటల పట్టిక, తాకుడు అద్దం, ఫోను సదుపాయం - వీటికి మా నోటు పుస్తకంలో పని దొరకలేదు. వస్తువు బలంగా లేని కావ్యానికి ఎన్ని అలంకారాలు తొడిగినా ప్రయోజనం లేదని క్లాసులో చెబుతూనే ఉంటాను.

మరి మైక్రోవేవో? అది వేరే జాతి. రాడార్లలో వాడే మాగ్నెట్రాన్ ఆహారాన్ని వేడి చేస్తుందని అమెరికాలో పెర్సీ స్పెన్సర్ 1945లో కనిపెట్టారు. 1947లో అమ్మకానికొచ్చిన మొదటి యంత్రం ఇంచుమించు నిలువెత్తు మనిషంత ఉండేది. దాని తరంగాలు ముఖ్యంగా పదార్థంలోని నీటిని వేడెక్కిస్తాయి. చల్లారిన కూర వెచ్చబెట్టడానికి దివ్యమైన సాధనం. కాని బిస్కట్టు ఎర్రగా, కరకరలాడుతూ కాలాలంటే వట్టి మైక్రోవేవ్ వల్ల కాదు. కాల్చే ఏర్పాటు కూడా కలిసినదైతేనే కుదురుతుంది.

ఇక అంగడిలో ఎవరూ అడగని సదుపాయం ఒకటుంది. అది ఓవెనులో లేదు, మన గోడలో ఉంది. 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్ల ప్లగ్గు మోయగలిగేది 1380 వాట్లే. 1500 వాట్ల ఓవెనుకు 16 ఆంపియర్ల ప్లగ్గూ, సరయిన ఎర్తూ ఉండాలి. వోల్టేజి 190కి పడిపోతే కడ్డీ ఇచ్చే వేడి అసలు దానిలో మూడింట రెండు వంతులే. అలాంటి వేళల్లో ఎంత గొప్ప ఓవెనైనా నెమ్మదిస్తుంది. కర్చు సంగతి చెప్పాలంటే, 1500 వాట్లది గంటసేపు ఆగకుండా కాలితే యూనిటున్నర అవుతుంది. థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపుతుంది గనక అంతకన్నా తక్కువే.

చివరకు మా వదిన ఫ్యాను ఉన్న సాదా ఓవెను తీసుకుంది. మిగిలిన డబ్బు అదనపు పళ్లేలకూ, థర్మామీటరుకూ, గోడలో ప్లగ్గు మార్చిన ఎలక్ట్రీషియనుకూ సరిపోయింది. అప్పు పెరగలేదు. నేను ఫ్యాను లేనిది కొన్నాను. ఒకే అంగడి, ఒకే రోజు, రెండు వేరు వేరు ఓవెన్లు! రెండూ సరయినవే.

మీరూ కొనదలచుకుంటే బజారుకు వెళ్లేముందు ఒక నెలపాటు, "ఇవాళ ఓవెనుంటే ఇది చేసేదాన్ని" అనిపించినప్పుడల్లా ఆ వంటకం పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి. నెలాఖరుకు కాగితం నిండితే, అందులో ఉన్న వంటలకు ఏయే సదుపాయాలు కావాలో అవే అడగండి. రెండు మూడు పేర్లకు మించి లేకపోతే ఆ డబ్బుతో మరేదైనా చెయ్యవచ్చు. కుంపటీ, ఇసుక గిన్నే ఎక్కడికీ పోలేదు.