మెక్సికో దేశభాషలు

మెక్సికో దేశము ఉత్తర అమెరికా ఖండపు దక్షిణభాగమున నున్నది. స్పానిష్ భాష మాటలాడువారు ఇచ్చట నున్నంతమంది ప్రపంచమున మరి యే దేశమునను లేరు. అయినను ఆ భాష ఆ నేలపై పుట్టినది కాదు. సముద్రము దాటి వచ్చినది. అంతకు పూర్వము వేలయేండ్లుగా అచ్చట అనేక జాతులవారు తమ తమ భాషలను పలుకుచుండిరి.

వానిలో నహువాత్ల్ ముఖ్యమైనది. అది అజ్టెక్కుల రాజభాష. తెలుగువారు కూరలలో వాడు టమాటా పేరు ఆ భాషలోని ‘తొమాత్ల్’ అను పదమునుండియే పుట్టి, స్పానిష్‌వారి నోట పడి లోకమంతట వ్యాపించినది. యుకటాన్ ద్వీపకల్పమున మాయాభాష కలదు. ప్రాచీన మాయాజాతివారు లిపిని కల్పించుకొని, తమ రాజుల చరిత్రములను శిలలపై చెక్కించిరి. వహాకా రాష్ట్రపు కొండలలోని మసాతెక్ భాష మిక్కిలి వింతయైనది. అందు స్వరము హెచ్చుతగ్గులను బట్టి పదముల యర్థము మారును. కావున అచ్చటివారు ఆ స్వరములనే ఈలగా వేసి, ఒక కొండవాలునుండి మరియొక కొండవాలునకు సంభాషించుకొన గలరు.

1521లో స్పానిష్ సేనాని కోర్టెస్ అజ్టెక్ రాజధానిని జయించెను. తరువాత వచ్చిన క్రైస్తవ గురువులలో కొందరు స్థానిక భాషలను శ్రద్ధతో నేర్చిరి. వారిలో సహగున్ అనునతడు అచ్చటి పండితుల సాయమున, అజ్టెక్కుల జీవితమును గూర్చి నహువాత్ల్‌లోను స్పానిష్‌లోను పండ్రెండు భాగముల గ్రంథమును సిద్ధపరచెను. కాని 1770లో స్పెయిన్ రాజు మూడవ చార్లెస్, ఆ భాషలు రూపుమాసి స్పానిష్ ఒక్కటియే నిలువవలెనని శాసించెను. 1821లో దేశము స్వతంత్రమైన పిదపను వానికి ఆదరము కలుగలేదు. 20వ శతాబ్దమున పెక్కు పాఠశాలలలో తల్లిభాష పలికిన పిల్లలను దండించుచుండిరి. ఆ పిల్లలలో అనేకులు పెద్దవారై, తమ బిడ్డలకు ఆ బాధ కలుగరాదని ఇంట స్పానిష్ మాత్రమే పలికిరి. ఇట్లు రాజశాసనము చేయలేని పనిని తల్లిదండ్రుల ప్రేమయే చేసెను.

2003లో మెక్సికో ప్రభుత్వము ఒక చట్టము చేసి, స్థానిక భాషలును స్పానిష్‌తో సమానముగా జాతీయ భాషలేయని అంగీకరించెను. 2008లో ప్రకటింపబడిన పట్టికలో 68 భాషలును, వాని 364 రూపభేదములును లెక్కకు వచ్చినవి. 2020 జనాభా లెక్కలనుబట్టి 73 లక్షలకు పైగా జనులు ఈ భాషలను మాటలాడుదురు. అనగా నూటికి ఆరుగురు. నహువాత్ల్ మాటలాడువారు 16 లక్షలకు మించియున్నారు. కిలివా వంటి భాషలకో, కొలదిమంది వృద్ధులే దిక్కు.

చట్టము భాషకు గౌరవము నీయగలదు, ప్రాణము నీయజాలదు. అవ్వ చెప్పిన కథను మనుమడు అదే భాషలో తిరిగి చెప్పినప్పుడే ఆ భాష జీవించును.