గీజరు ఎందుకు ఆగిందో అదే చెబుతుంది

అలంపూరులో చలి కొద్ది వారాలే ఉంటుంది. అయినా డిసెంబరు, జనవరి నెలల్లో ఫజ్ర్ వేళకు తుంగభద్ర మీదుగా వచ్చే గాలికి వృద్ధుల వేళ్లు కొంకర్లు పోతాయి. పూర్వం పెరట్లో కట్టెలతో మండే రాగి బాయిలరు ఈ అవసరం తీర్చేది. దానికేమైనా అయితే కంటికి కనిపించేది. పొగ కమ్మితే కట్టె పచ్చిదని, నీరు కారితే అతుకు ఊడిందని ఇంట్లో అందరికీ తెలిసేది. ఇప్పుడు దాని స్థానంలో గోడకు గ్యాసు గీజరు వచ్చింది. కుళాయి తిప్పగానే వేడినీరు ఇస్తుంది. ఒకనాటి ఉదయం ఉన్నట్టుండి ఆగిపోయి, చిన్న తెరమీద ఒక అక్షరం, ఒక అంకె చూపి ఊరుకుంటుంది. ఆ సమయంలో చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. పదిసార్లు కుళాయి కట్టి విప్పుతారు, పెట్టెను అరచేత్తో తడతారు, చివరికి ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒక తీగ కలిపి నడిపించిపోతారు.

ఆ సంకేతం యంత్రం పాడైపోయిందన్న ప్రకటన కాదు. అపాయాన్ని శంకించి తనను తాను ఆపుకున్న యంత్రం ఇచ్చే సాక్ష్యం. సాక్షి చెప్పేది వినకుండా నోరు మూయించడం ఏ వ్యవహారంలోనూ మేలు చేయదు. గ్యాసుతో వ్యవహారంలో అది ప్రాణాల మీదికే వస్తుంది.

లోపల ఏం జరుగుతుంది?

కుళాయి తిప్పగానే గీజరులోకి నీరు ప్రవేశించి ఒక రబ్బరు పొరను నెడుతుంది. ఆ కదలికకు చిన్న స్విచ్చి కలుస్తుంది. సాధారణ మోడళ్లలో రెండు పెద్ద బ్యాటరీ సెల్లులు, ఒక్కొక్కటి 1.5 వోల్టులవి, నిప్పురవ్వను పుట్టించి గ్యాసు కవాటాన్ని తెరుస్తాయి. బర్నరు వెలుగుతుంది. దాని పక్కనే నిలిచిన సన్నని లోహపు కడ్డీ మంట ఉన్నదా లేదా అని కనిపెడుతూ ఉంటుంది. మంట గుండా అతి స్వల్పంగా విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆ ప్రవాహమే దానికి ఆధారం. కొద్ది సెకన్లలో మంట జాడ దొరకకపోతే కవాటం మూసుకుంటుంది. వెలగని గ్యాసు ఇంట్లో నిండకుండా ఆపేది ఈ ఏర్పాటే. నీరు మితిమీరి వేడెక్కితే ఆపడానికి మరొక కాపలా ఉంటుంది. తెరమీద కనిపించే సంకేతాలలో ఎక్కువ భాగం ఈ కాపలాదారులలో ఎవరు ఆపారో చెప్పేవే.

ఒకే అక్షరానికి వేర్వేరు అర్థాలు

ఒక భాషలోని పదానికి మరొక భాష నిఘంటువులో అర్థం వెదికితే ఎలా ఉంటుందో మా విద్యార్థులకు బాగా తెలుసు. ఎర్రర్ కోడుల సంగతీ అంతే. చాలా గీజర్లలో ఇ1 అంటే మంట అంటుకోలేదని అర్థం. కాని అన్ని కంపెనీలకూ అదే అర్థం ఉండాలన్న నియమం లేదు. జపాను సంస్థ రిన్నై తన గీజర్లలో ఎక్కువగా అక్షరం లేని అంకెలే వాడుతుంది. 11 అంటే మంట అంటుకోలేదు, 12 అంటే అంటుకున్న మంట మధ్యలో ఆరిపోయింది. కనుక పొరుగింటివారి గీజరు అర్థాన్ని మన గీజరుకు అన్వయించరాదు. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకమే దాని నిఘంటువు. దానిని అటకమీద పడేయకుండా రేషను కార్డు, గ్యాసు పుస్తకం ఉన్నచోటే భద్రపరచాలి.

ఇంటివారు చూడదగినవి

సంకేతం ఏదైనా దాని వెనుక ఉండే సామాన్య కారణాలు కొన్నే. పెట్టె విప్పకుండానే వాటిని పరీక్షించవచ్చు.

మొదటిది సెల్లులు. టిక్ టిక్ శబ్దం రాకపోయినా, నీరసంగా వచ్చినా రెండు సెల్లులనూ ఒకేసారి మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది పెడితే కొత్తది కూడా త్వరగా క్షీణిస్తుంది.

రెండవది నీటి ఒత్తిడి. ట్యాంకులోని నీరు గీజరు కంటే ఎంత ఎత్తున ఉంటే అంత ఒత్తిడి లభిస్తుంది. ఒక మీటరు ఎత్తుకు సుమారు 0.01 మెగాపాస్కల్. గీజరు చీటీమీద కనీస ఒత్తిడి 0.025 అని రాసి ఉంటే, నీటిమట్టం కనీసం రెండున్నర మీటర్ల పైన ఉండాలని అర్థం. గొట్టాల మలుపులలో కొంత ఒత్తిడి తగ్గుతుంది కనుక మరికొంత ఎత్తు ఉండటం మేలు. మిద్దెమీద ట్యాంకును నేలకు ఆనించి పెట్టిన ఇళ్లలో, అదే మిద్దె కింది గదిలో గీజరు ఎత్తుగా బిగిస్తే ఈ చిక్కు తప్పదు. వంటింట్లో మరొక కుళాయి తిప్పగానే గీజరు ఆరిపోతున్నదంటే కారణం ఇదే. నీరు లోపలికి వచ్చే చోట ఉండే చిన్న జల్లెడలో ఇసుక, నాచు పేరుకున్నా ఒత్తిడి తగ్గుతుంది. గ్యాసునూ నీటినీ కట్టేసి, ఆ జల్లెడను తీసి కడిగి తిరిగి పెట్టవచ్చు.

మూడవది గ్యాసు. ఆరు లీటర్ల గీజరు స్టవ్ మీది పెద్ద బర్నరు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ గ్యాసు తీసుకుంటుంది. కనుక 14.2 కిలోల సిలిండరు అడుగంటినప్పుడు స్టవ్ మామూలుగా వెలుగుతున్నా గీజరు మొరాయించవచ్చు. ఒకే సిలిండరుకు టీ ముక్క బిగించి స్టవ్‌కూ గీజరుకూ పంచితే ఒకటి వెలిగేసరికి రెండవదానికి గ్యాసు చాలదు. పైగా అదనపు అతుకు వద్ద లీకుకు అవకాశం కలుగుతుంది. నారింజరంగు సురక్షా గొట్టాన్ని ఐదేళ్లకొకసారి మార్చాలి. గొట్టంమీద ముద్రించిన సంవత్సరాన్ని ఈ రోజే చూడండి.

నాలుగవది అతివేడి. బోరునీటిలోని సున్నం గీజరు లోపలి రాగి గొట్టాలకు పొరగా పడుతుంది. అప్పుడు నీరు సన్నగా పారి విపరీతంగా కాగుతుంది, కాపలా ఆపేస్తుంది. కాసేపు చల్లార్చి, వేడిని తగ్గించి, నీటిధారను పెంచి చూడవచ్చు. మళ్లీ ఆగితే సున్నం తీయించవలసిందే. అది మెకానిక్కు పని.

ఇరవై నిమిషాలకు తనంతట తాను ఆగే గీజర్లు అనేకం ఉన్నాయి. అది దోషం కాదు. గదిలోని గాలిని మంట తినేస్తున్నదని తెలిసి పెట్టిన హద్దు. ఆగిన వెంటనే మళ్లీ వెలిగించి స్నానం కొనసాగించడం ఆ హద్దును దాటడమే.

వీటన్నిటినీ చూసినా సంకేతం తొలగకపోతే ఇంటివారి బాధ్యత అక్కడితో తీరింది. ఆ తరువాత పెట్టె విప్పవలసినది కంపెనీ పంపిన మనిషే. సెన్సారు తీగలను కలిపి సంకేతం రాకుండా చేస్తానని ఎవరైనా అంటే, ఎంత తక్కువ రుసుము అడిగినా, సలాం చెప్పి పంపించివేయండి. ఆ ఉదయానికి పొయ్యిమీద గిన్నెడు నీళ్లు కాచుకుంటే వుజూకు సరిపోతాయి.

సంకేతమే లేని ప్రమాదం

ఇంతవరకు చెప్పినది యంత్రం నోరు విప్పిన సందర్భాల గురించి. అన్నిటికంటే పెద్ద ముప్పు వచ్చినప్పుడు అనేక గీజర్లు ఏమీ చెప్పవు. గాలి చాలని గదిలో మంట సగం మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు లీకైతే తెలియడానికి అందులో మెర్కాప్టాన్ అనే దుర్వాసన పదార్థాన్ని కలుపుతారు. ఈ విషవాయువుకు అలాంటి హెచ్చరిక లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, కాళ్లలో సత్తువ పోవడం దాని లక్షణాలు. గడియ తీసే శక్తి కూడా మిగలకముందే మనిషి కూలిపోతాడు. స్నానాలగదిలో పడిపోయినవారిని చూసి గుండెపోటని, మూర్ఛ అని పొరబడటం అందుకే.

కాబట్టి గ్యాసు గీజరును స్నానాలగది బయట, గాలి ఆడేచోట బిగించి, గొట్టం ద్వారా నీటిని మాత్రమే లోపలికి తేవాలి. పొగగొట్టం ఉన్న మోడలైతే దాని కొస ఇంటి బయటికి తెరుచుకోవాలి. చలిగాలి వస్తున్నదని వెంటిలేటరుకు అట్టముక్క, గుడ్డలు కుక్కే అలవాటును ఇంటి పెద్దలే మాన్పించాలి. నీలంగా ఉండవలసిన మంట పసుపుపచ్చగా మారినా, గీజరు చుట్టూ మసి కనిపించినా, ఏ కోడూ లేకపోయినా వాడకం ఆపండి. ఎవరికైనా తల తిరిగితే ముందు ఆరుబయటికి తీసుకుపోయి, వెంటనే ఆసుపత్రికి చేర్చి, గ్యాసు గీజరు సంగతి వైద్యునికి తప్పక చెప్పండి.

గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటరు కట్టేసి, బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయండి. ఈ గ్యాసు గాలికంటే బరువైనది, నేల వెంబడి పరుచుకుంటుంది. లీకును సబ్బు నురుగుతోనే వెదకాలి, అగ్గిపుల్లతో కాదు. నిద్రించేముందు ఇంట్లో నిప్పును ఆర్పివేయమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. రాత్రి రెగ్యులేటరు కట్టేసి పడుకోవడం ఈనాటి ఇళ్లలో ఆ బోధను పాటించే ఒక రీతి.

సీమలోని మన పిల్లలకు

మన పిల్లలు కొందరు చదువుకో ఉద్యోగానికో బ్రిటన్‌లో ఉంటున్నారు. అక్కడ ఇల్లంతటినీ వెచ్చబరిచేది గ్యాసు బాయిలరే. దానికీ ఇదే సూత్రం. ఉదాహరణకు వైలాంట్ బాయిలరుమీద ఎఫ్.28 అంటే మంట అంటుకోలేదు, ఎఫ్.29 అంటే మధ్యలో ఆరింది, ఎఫ్.22 అంటే లోపల నీరు చాలదు. చల్లారి ఉన్నప్పుడు పీడనముల్లు సాధారణంగా ఒకటికీ ఒకటిన్నర బార్‌కూ మధ్య ఉండాలి. మంచు కురిసిన ఉదయం ఆగితే, బయటికి పోయే నీటిగొట్టం గడ్డకట్టి ఉండవచ్చు. దానిమీద గోరువెచ్చని నీరు పోయాలి, మరిగే నీరు కాదు. పెట్టెను విప్పే పని గ్యాస్ సేఫ్ రిజిస్టరులో నమోదైన ఇంజనీరుకే వదలాలి. అద్దె ఇంటిలో ఉంటే ఏటేటా గ్యాసు తనిఖీ చేయించడం ఇంటి యజమాని చట్టబద్ధమైన బాధ్యత. గది ఒక్కింటికి కార్బన్ మోనాక్సైడు అలారం ఉన్నదా అని ఈసారి వీడియో కాల్‌లో అడగండి.

ఇక్కడి మన ఇళ్లలో చేయవలసింది ఒక చిన్న పని. గీజరు పక్కన గోడకు ఒక కాగితం అంటించండి. మోడలు పేరు, సెల్లులు మార్చిన తేదీ, గొట్టంమీది సంవత్సరం, కంపెనీ ఫోను నంబరు, 1906 దానిమీద రాయండి. ఎప్పుడు ఆగినా తెరమీద కనిపించిన సంకేతాన్ని, తేదీని, ఆ సమయంలో ఇంకే కుళాయి విప్పి ఉన్నదో కింద చేర్చండి. వచ్చిన మెకానిక్కుకు ముందుగా ఆ కాగితం చూపించండి. మూడుసార్లూ ఒకే సంకేతం ఉంటే అతని పని సగం తేలికవుతుంది, మీ ఖర్చూ తగ్గుతుంది.