పురుగు చవక, భయం ప్రియం

ఒంట్లో దూరే జీవులపై తీసిన చిన్న సినిమాలు ప్రపంచాన్ని వణికించాయి. ఆ జీవులతో నిజంగానే వేగిన మన నేల మీద మాత్రం తెర దెయ్యానికే దక్కింది.

డైనోసార్‌ను చూపాలంటే కోట్లు కావాలి. అంతరిక్ష నౌకకు భారీ సెట్టు వేయాలి. మనిషి ఒంట్లోకి పురుగు దూరిందని చెప్పడానికి అంత హంగామా అక్కర్లేదు. నొప్పిని ముఖంలో పలికించగల ఒక నటుడు, చొక్కా కింద ఏదో కదిలినట్టు ఉబ్బే ఒక రబ్బరు తిత్తి ఉంటే చాలు. మిగతా పని ప్రేక్షకుడి ఊహే చేసిపెడుతుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న నిర్మాతలకు పరాన్నజీవి అంత ఇష్టమైన విలన్ కావడానికి కారణం ఇదే.

ఈ కిటుకును బాగా వాడుకున్న తొలితరం వ్యాపారి విలియం కాజిల్. 1959లో ఆయన తీసిన 'ద టింగ్లర్'లో భయపడిన మనిషి వెన్నెముకను పట్టుకుని ఒక జీవి పెరుగుతుంది. గట్టిగా కేక పెడితే దాని పట్టు సడలుతుంది. కొన్ని థియేటర్లలో సీట్ల కింద చిన్న మోటార్లు బిగించి, సరిగ్గా అదను చూసి అవి అదిరేలా చేశారు. ప్రేక్షకులు కేకలు పెట్టారు, ప్రచారం దానంతటదే జరిగింది. మనుషులను పట్టే రాకాసి జలగలతో 'అటాక్ ఆఫ్ ద జయంట్ లీచెస్' వచ్చిందీ ఆ ఏడాదే.

ఈ చవక సరుకుకు ఆలోచనను జోడించినవాడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్. 1975 నాటి ఆయన చిత్రం 'షివర్స్'లో కథంతా మాంట్రియల్‌లోని ఒక అధునాతన అపార్ట్‌మెంట్‌లోనే నడుస్తుంది. పాడైన అవయవాల స్థానంలో పనిచేస్తుందని ఒక డాక్టర్ తయారుచేసిన పురుగు ఇంటింటికీ పాకి, మర్యాదస్తులను కామంతో ఊగిపోయేవారిగా మారుస్తుంది. దీనికి కెనడా ప్రభుత్వ సంస్థ పెట్టుబడి పెట్టింది. ప్రజల సొమ్ముతో ఇలాంటి రోతా అంటూ విమర్శకుడు రాబర్ట్ ఫుల్‌ఫోర్డ్ ధ్వజమెత్తారు. గొడవ పార్లమెంటు దాకా వెళ్లింది. సినిమా మాత్రం పెట్టిన డబ్బు తిరిగి తెచ్చింది. మనిషి ఛాతీని చీల్చుకుని జీవి బయటికొచ్చే 'ఏలియన్' భారీ ఖర్చుతో వచ్చింది నాలుగేళ్ల తర్వాతే.

తర్వాతి తరం నేరుగా జీవశాస్త్రాన్నే ఆశ్రయించింది. చేప నాలుకను తినేసి ఆ స్థానంలో తానే తిష్ఠవేసే పరాన్నజీవి ఒకటి నిజంగానే ఉంది. 2012లో బ్యారీ లెవిన్సన్ 'ద బే'లో అలాంటి జీవినే మనుషుల మీదికి వదిలారు. అమెరికాలోని చెసపీక్ అఖాతంలోకి కోళ్ల ఫారాల వ్యర్థాలు కలవడం అందులో ఉత్పాతానికి మూలం. అదే ఏడాది దక్షిణ కొరియాలో వచ్చిన 'డిరేంజ్డ్'కు దాదాపు 45 లక్షల టికెట్లు తెగాయి. గుర్రపు వెంట్రుక పురుగు కీచురాయి లోపల పెరిగి, దాన్ని నీళ్లలో దూకేలా చేస్తుంది. అదే లక్షణం మనుషులకు అంటుకుంటే? సినిమాలో జనం నదుల వైపు పరుగులు తీస్తారు.

ఇదంతా ఎక్కడో జరిగే కథలా అనిపించవచ్చు. కానీ సికింద్రాబాద్ నుంచి విశాఖ మీదుగా హౌరా వెళ్లే రైలు గమ్యానికి కాస్త ముందు సంత్రాగాఛి దాటుతుంది. స్టేషన్‌కు దగ్గర్లోనే పెద్ద చెరువు. గుర్రపు డెక్క కమ్ముకున్న నీళ్లు, శీతకాలంలో వచ్చి వాలే వేలాది బాతులు. హారర్ దర్శకుడి కంటికి అది అచ్చమైన లొకేషన్. చిత్రమేమిటంటే ఆ రైలు మార్గం రెండు చివరలా పరాన్నజీవుల అసలు కథలు ఉన్నాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టారు. ఆయన దోమల చేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకు అణా చొప్పున ముట్టింది. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు చేసి, దోమకాటుతోనే ఆ క్రిమి వ్యాపిస్తుందని రాస్ నిరూపించారు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలను మనిషి రక్తంలో టిమొతీ లూయిస్ చూసిందీ కలకత్తాలోనే, 1872లో.

ఇక నారికురుపు ముందు ఏ సినిమా అయినా దిగదుడుపే. దిగుడుబావి నీళ్లతోపాటు కంటికి ఆనని నీటి ఈగ కడుపులోకి పోతుంది. దాదాపు ఏడాది తర్వాత కాలి మీద బొబ్బ లేచి, మీటరు దాకా పొడవుండే పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టుకుంటూ రోజుకు కాస్త చొప్పున లాగాలి. మంట తట్టుకోలేక రోగి కాలు నీళ్లలో పెడితే, పురుగు అక్కడే పిల్లలను వదులుతుంది. కొరియా సినిమాకు కల్పించుకోవాల్సి వచ్చిన సంగతి ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల పల్లెల్లో నిత్యానుభవం.

అయినా మన తెరను ఏలింది దెయ్యమే. రాంగోపాల్ వర్మ 'రాత్రి' (1992), 'దెయ్యం' (1996) నుంచి నేటి దాకా పరాయి శక్తి ఒంట్లో దూరడమంటే మనకు ఆత్మ పట్టడమే. ఆలోచిస్తే రెండు కథలూ ఒకటే. మన ఒళ్లు మన మాట వినకపోవడమే ఆ భయం. తేడా విరుగుడులో ఉంది. దెయ్యానికి మంత్రగాడు కావాలి, పురుగుకు డాక్టర్ కావాలి. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' కర్నూలు సీమకు కరోనా నాటి ప్రయోగశాల భయాన్ని తెచ్చి, నవ్విస్తూనే ఆ గీత దాటింది.

అయితే ఈ సినిమాల్లో ఒక చిక్కుంది. పురుగు సోకిన మనిషి మరుక్షణం రాక్షసుడైపోతాడు, అతణ్ని చంపడమే పరిష్కారమవుతుంది. బోదకాలు ఉన్నవారిని ఊరు ఎలా చూసిందో తెలిసినవారికి ఇది వినోదంగా అనిపించదు. వాచిన కాలు కన్నా పెళ్లిళ్లలో, పనుల్లో ఎదురయ్యే వెలి వారిని ఎక్కువ బాధించింది. ఆ జబ్బును 2027 నాటికి వదిలించుకోవాలని భారత్ లక్ష్యం పెట్టుకుంది. మాత్రలు పంచడం ఎంత ముఖ్యమో, రోగిని మనిషిగా చూడడం అంతే ముఖ్యం.

నారికురుపు కథ ముగింపు ఇంకోలా ఉంది. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఆ వ్యాధి నుంచి విముక్తమైనట్టు ప్రకటించింది. దానికి టీకా లేదు, మందూ లేదు. దిగుడుబావులను మార్చారు, బోర్లు వేశారు, కాలు నీళ్లలో పెట్టొద్దని గడపగడపకూ చెప్పారు, తాగే నీటిని గుడ్డతో వడగట్టించారు. ఏ రోగినీ రాక్షసుణ్ని చేయకుండానే పురుగు పోయింది. ఇంత తక్కువ బడ్జెట్‌లో ఇంత మంచి ముగింపు ఏ హారర్ సినిమాకూ దక్కలేదు.