అండం విడుదలయ్యేది పద్నాలుగో రోజేనా?

"పెళ్ళయి రెండేళ్ళయింది, ఇంకా ఏ విశేషమూ లేదా?" మన ఇళ్ళలో తరచు వినిపించే ప్రశ్న ఇది. సాధారణంగా అడిగేది కోడలినే. "పద్నాలుగో రోజు ముఖ్యం" అని సలహా చెప్పేవాళ్ళూ ఉంటారు. మన జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలోనూ 28 రోజుల ఋతుచక్రం, 14వ రోజున అండం విడుదల అన్న బొమ్మ కనిపిస్తుంది. బొమ్మ తప్పు కాదు. కానీ అది ఒక ఉదాహరణ మాత్రమే, అందరికీ వర్తించే సూత్రం కాదు. ఎందుకో చూద్దాం.

అండం ఎలా విడుదలవుతుంది?

ఆడశిశువు పుట్టేనాటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అపరిపక్వ అండాలు ఉంటాయి. యుక్తవయస్సు నాటికి మిగిలేవి 3, 4 లక్షలు. జీవితకాలంలో విడుదలయ్యేవి సుమారు 400 మాత్రమే.

ఋతుస్రావం మొదలైన రోజును 1వ రోజుగా లెక్కిస్తారు. మెదడు అడుగునున్న పీయూష గ్రంథి పంపే హార్మోను ప్రభావంతో అండాశయంలో కొన్ని పుటికలు ఎదగసాగుతాయి. సాధారణంగా వాటిలో ఒక్కటే పూర్తిగా ఎదిగి, ఈస్ట్రోజెన్‌ను ఎక్కువగా స్రవిస్తుంది. ఈస్ట్రోజెన్ తగినంత పెరగగానే పీయూష గ్రంథి ల్యూటినైజింగ్ హార్మోనును ఒక్కసారిగా విడుదల చేస్తుంది. ఆ తరువాత సుమారు 36 గంటలకు పుటిక చిట్లి అండం బయటకు వస్తుంది. దీనినే అండోత్సర్గం అంటారు.

చిట్లిన పుటిక కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టిరాన్‌ను తయారుచేస్తుంది. గర్భం రాకపోతే సుమారు రెండు వారాల్లో అది క్షీణిస్తుంది. అప్పుడు గర్భాశయపు లోపలి పొర ఊడిపోయి, మళ్ళీ ఋతుస్రావం వస్తుంది.

లెక్క వెనకనుంచి

పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ వైద్యులు చాలామంది ఋతుస్రావానికి దగ్గరి రోజుల్లోనే గర్భం వస్తుందని నమ్మేవారు. 1924లో జపాన్ వైద్యుడు క్యుసాకు ఒగినో ఇది సరికాదని చూపాడు. తరువాతి ఋతుస్రావానికి 12 నుంచి 16 రోజుల ముందు అండం విడుదలవుతుందని ఆయన చెప్పాడు. ఆస్ట్రియా వైద్యుడు హెర్మన్ క్నాస్ కూడా విడిగా ఇటువంటి నిర్ధారణకే వచ్చాడు.

అంటే చక్రంలో రెండవ సగం కొంచెం స్థిరంగా ఉంటుంది. మారేది ఎక్కువగా మొదటి సగమే. 28 రోజుల చక్రంలో 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలైతే, 35 రోజుల చక్రంలో 21వ రోజు, 24 రోజుల చక్రంలో 10వ రోజు ప్రాంతంలో విడుదల కావచ్చు. జ్వరం, మానసిక ఒత్తిడి వంటివి ఒకే స్త్రీలో కూడా ఈ రోజును మార్చగలవు. అందువల్ల క్యాలెండరు చెప్పేది అంచనా మాత్రమే.

ఆరు రోజుల అవకాశం

విడుదలైన అండం ఫలదీకరణకు పనికొచ్చేది 12 నుంచి 24 గంటలే. శుక్రకణాలు మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల వరకు జీవించగలవు. అందుచేత అండం కోసం శుక్రకణాలు ముందే చేరి ఉండటం మంచిది.

అమెరికాలోని నార్త్ కరోలినాలో గర్భం కోరుకున్న 221 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం 1995లో వెలువడింది. గర్భాలన్నీ అండోత్సర్గం రోజుతో ముగిసే ఆరు రోజుల్లోని కలయికల వల్లే వచ్చాయి. అయిదు రోజుల ముందు కలిస్తే అవకాశం సుమారు 10 శాతం. అండోత్సర్గం రోజున 33 శాతం. మరునాటికి అవకాశం దాదాపు లేనట్టే. ఈ ఆరు రోజులూ 10 నుంచి 17వ రోజు మధ్యనే ఇమిడిన స్త్రీలు 30 శాతమేనని అదే బృందం 2000లో ప్రకటించింది.

శరీరం చూపే గుర్తులు

అండం విడుదలకు ముందు యోనిస్రావం గుడ్డు తెల్లసొనలా పలుచగా, జారుడుగా, సాగేలా ఉంటుంది. విడుదలయ్యాక శరీర ఉష్ణోగ్రత 0.3 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. కాని అప్పటికే సమయం దాటిపోతుంది. మందుల షాపుల్లో దొరికే మూత్ర పరీక్ష పట్టీలు ల్యూటినైజింగ్ హార్మోను పెరుగుదలను ముందే పసిగడతాయి. అయితే అండాశయాల్లో నీటిబుడగల సమస్య ఉన్నవారిలో ఇవి పొరపడవచ్చు. పిల్లలు కావాలనుకునే దంపతులు ఒక్క రోజు కోసం కాచుకోకుండా, ఆ వారంలో ఒకటి రెండు రోజులకోసారి కలవడం మేలని వైద్యులు చెబుతారు.

ఇదే కారణంగా, గర్భం వద్దనుకునేవారు "సురక్షిత దినాలు" అన్న క్యాలెండరు లెక్కను నమ్ముకోవడం ప్రమాదం.

లోపం ఎవరిది?

రోజు సరిగ్గా కుదిరినా ఆ నెలలోనే గర్భం రావాలని లేదు. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే, స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలకే, వైద్యుని సంప్రదించాలి. ఇద్దరూ వెళ్ళాలి. సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో పురుషునిలోనూ లోపం ఉంటుంది. వీర్యపరీక్ష చాలా సులభం. అది చేయించకుండానే కోడలిని ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిప్పడం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు.