ముల్లు వినకూడని మ్రోతలు

గ్రామఫోను ముల్లు చేసే పని చాల చిన్నది. ప్లేటు మీది గాడి ఏ వంపు తిరిగితే ఆ వంపు తిరగడం, ఆ కదలికను విద్యుత్తుగా మార్చే భాగానికి అందించడం, అంతే. పాటకూ పాట కానిదానికీ భేదం తెలుసుకునే శక్తి దానికి లేదు. గాడి వంపు తిరిగినా, ముల్లును మోసే చేయి వణికినా దానికి ఒక్కటే. ఆ రెండింటి నడుమ జరిగిన కదలిక ఏదైనా సరే, దాని లెక్కలో సంగీతమే. గదిలో ఎవరో నడిచిన అడుగు, వీథిలో లారీ పోయిన అదురు, రిఫ్రిజిరేటరు గుర్రుమనడం బల్ల గుండా ఎక్కివచ్చి గాయకుని కంఠంతో కలిసిపోవడానికి కారణం ఇదే.

ఈ అదురు ఎంత స్వల్పమైనా ఉపేక్షించదగినది కాదు. మెల్లగా పలికే స్వరానికి లాంగ్‌ప్లే రికార్డు గాడి తీసుకునే వంపు మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్న కూడ తక్కువగా ఉంటుంది. దానికి తోడు, అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘం 1954లో స్థిరపరచిన పద్ధతి ప్రకారం గాడిని కోసేటప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, వినిపించేటప్పుడు ఆ తగ్గించినంతా పెంచుతారు. సెకనుకు 1000 కంపనాల ధ్వనితో పోలిస్తే 20 కంపనాల ధ్వని ఇందువల్ల 9 రెట్లకు పైగా పెరుగుతుంది. ఇంటి అదురులలో అధికభాగం మంద్రస్థాయివే. పాట కోసం చేసిన ఏర్పాటు పాటకు శత్రువైనదానిని కూడ పోషిస్తున్నదన్న మాట.

1958లో స్టీరియో రికార్డులు విపణిలోకి రావడంతో చిక్కు మరింత పెరిగింది. అంతకుముందరి లాంగ్‌ప్లే రికార్డులలో పాట గాడి యొక్క ప్రక్కవంపులలోనే ఉండేది. స్టీరియోలో ముల్లు ప్రక్కలకే గాక పైకీ క్రిందికీ కూడ కదలాలి. నేల అదురు ముఖ్యంగా పైకీ క్రిందికీ సాగేది కనుక, ఇదివరలో మూసి ఉన్న తలుపు దానికి తెరుచుకున్నట్లయింది.

బయటి శత్రువు కన్న ఇంటిలోని శత్రువు మరింత ప్రమాదకరం. లౌడ్‌స్పీకరు పాడుతున్నప్పుడు తాను నిలిచిన బల్లనూ, చుట్టునున్న గాలినీ కదిలిస్తుంది. ఆ కదలిక తిరిగి ముల్లును చేరితే, ముల్లు దానిని మళ్ళీ స్పీకరుకు పంపుతుంది. ఈ చక్రం కొంత మేరకు నడిచినప్పుడు మంద్రస్వరాలు బురదబురదగా వినిపిస్తాయి. హద్దు మీరితే గది అంతా ఒక్కటే హోరు. ఒకప్పుడు తెలుగునాట కలిగినవారి ఇండ్లలో కనిపించిన రేడియోగ్రాములలో తిరిగే పళ్ళెమూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉండేవి. వాటిని తయారుచేసినవారు పళ్ళెపు భాగాన్ని స్ప్రింగులపై కూర్చోబెట్టినది అలంకారానికి కాదు.

ఈ సమస్యకు 1961లో సరళమైన పరిష్కారం చూపినవారు ఎడ్గార్ విల్చర్. అమెరికాలోని కేంబ్రిడ్జి నగరంలో వెలసిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ స్థాపకులలో ఆయన ఒకరు. పళ్ళెమును, ముల్లు మోసే చేయిని విడదీయరాని విధంగా ఒకే లోహపు చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని మూడు స్ప్రింగులపై తేలించారు. మోటారును మాత్రం చట్రానికి వెలుపల ఉంచి, రబ్బరు బెల్టుతో పళ్ళెమును త్రిప్పించారు. పెట్టెను సుత్తితో తట్టినా పాట చెదరదన్న ఖ్యాతి ఆ యంత్రానికి కలిగింది. ఇందులోని సూక్ష్మం గమనించదగినది. కదలికను పూర్తిగా అణచివేయడం ఆయన ఉద్దేశం కాదు. పళ్ళెమూ చేయీ కలిసి ఒక్కటిగా కదిలినంతకాలం ముల్లుకు వార్త ఏదీ అందదు. తరువాతి కాలంలో స్కాట్లాండు దేశపు లిన్ సోండెక్ యంత్రం కూడ ఈ మార్గంలోనే నడిచింది.

అయితే స్ప్రింగు పెట్టినంత మాత్రాన పని జరగదు. ప్రతి స్ప్రింగుకూ అది మోసే బరువును బట్టి ఒక సహజకంపనం ఉంటుంది. దానికి సుమారు 1.4 రెట్లు దాటిన అదురును మాత్రమే అది అడ్డగించగలదు. సరిగ్గా ఆ కంపనంతోనే వచ్చే అదురును తగ్గించడానికి మారు పెంచుతుంది. బరువుకు స్ప్రింగు 2.5 మిల్లీమీటర్లు మాత్రమే క్రుంగితే సహజకంపనం సెకనుకు 10. 10 మిల్లీమీటర్లు క్రుంగితే 5. 25 మిల్లీమీటర్లు క్రుంగితే 3కు కొంచెం పైన. ముల్లు మోసే చేయికి కూడ 8 నుండి 12 వరకు సహజకంపనం ఉండటం పరిపాటి. కాబట్టి కొద్దిగా మాత్రమే క్రుంగే ఆధారాన్ని అడుగున పెడితే రెండు కంపనాలూ ఒకచోట కలిసి, మేలుకు బదులు కీడు జరుగుతుంది.

ఇంటి నిర్మాణాన్ని బట్టి కూడ ఉపాయం మారాలి. చెక్కనేలల ఇండ్లలో అడుగు వేస్తే నేల ఊగుతుంది. అందుచేత అక్కడ గట్టిగోడకు బిగించిన అలమరే శ్రేష్ఠం. భూమిపై నేరుగా పరచిన తాండూరు బండల నేల అడుగుకు అంతగా చలించదు. అక్కడ ముందుగా శంకించవలసినది స్పీకరును, పళ్ళెమును ఒకే బల్లపై పెట్టిన అలవాటును. వాటిని విడదీయడానికి పైసా ఖర్చు లేదు.

పరీక్ష కూడ సులభమే. మోటారు ఆపి, నిశ్చలమైన ప్లేటుపై ముల్లు దించి, ధ్వనిని మామూలుగా వినే స్థాయికి మెల్లగా పెంచి, బల్లను వ్రేలికొసతో తట్టాలి. స్పీకరులో ఆ చప్పుడు ఎంత స్పష్టంగా వినిపిస్తే, ప్రతి పాటలోనూ అంత పరాయి మ్రోత చేరుతున్నదని అర్థం. పాత ఏకధ్వని ప్లేట్లను స్టీరియో యంత్రంపై వినేవారు మోనో మీట నొక్కితే రెండు మార్గాలూ కలిసి, పైకీ క్రిందికీ సాగే అదురు చాల వరకు రద్దవుతుంది.

ఇది కేవలం విలాసవంతుల వ్యవహారం కాదు. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల పద్యాలు నేటికీ వినబడుతున్నాయంటే ఆనాటి ప్లేట్లే కారణం. వాటి నుండి కంప్యూటరులోకి నకళ్ళు తీసే పని నేడు అనేకులు ప్రీతితో చేస్తున్నారు. వినేవారికి అదురు వల్ల కలిగే నష్టం ఒక సాయంత్రపు నష్టం. నకలు తీసేటప్పుడు చొరబడిన అదురు మాత్రం ఆ నకలులో పద్యంతో పాటు స్థిరపడిపోతుంది. తరువాత యంత్రంతో దానిని తొలగించబోతే గాయకుని మంద్రస్వరం కూడ కొంత కోతపడవచ్చు. ఈలోగా ప్లేటు పగిలితే రెండవ అవకాశం ఉండదు. అందుచేత ప్లేటును తుడిచి శుభ్రం చేసే ముందే, అది తిరగబోయే బల్లను ఒకసారి తట్టి చూడటం మంచిది.